గొంతు పద్దులో మూడో జవాబు

ఒకటో పలుకు

నా పేరు నాంచారమ్మ. వయసు అరవై ఎనిమిది. ఊరు దిగువగట్టు. అలల కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ చివరి మాటకు నవ్వు వచ్చేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. ప్రయాణానికి నాకు పన్నెండు రోజులే గడువుంది.

నాకు అక్షరం ముక్క రాదు. బడికి పోవలసిన వయసులో మా బడి సముద్రంలో ఉంది. సముద్రం ఊళ్ళను ముంచిన ఉప్పు ఏళ్ళలో పెరిగిన మా ఈడువాళ్ళందరూ అంతే. అందుకే మా కళాశాలలో పాఠం నోటితోనే, పరీక్ష నోటితోనే. మొదటి సంవత్సరం నాకు నూటికి ఎనభై ఒకటి వచ్చాయి. పంతొమ్మిదేళ్ళ పిల్లలు నా పక్కన చేరి ఆటుపోట్ల లెక్క చెప్పించుకుంటారు.

ఈ ఎండాకాలం మా కళాశాల పదకొండు మందిని నెదర్లాండ్స్ పంపుతోంది. యాభై ఆరు రోజులు. అక్కడి మనుషులు సముద్రం కన్నా పల్లంలో ఊళ్ళు కట్టుకుని, చుట్టూ కట్టలు పోసుకుని వందల ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. ఆ కట్టల మీద నడుస్తూ చదువు. పదకొండు మందిలో నా పేరు రెండోది.

నిన్న ప్రయాణ అనుమతి కోసం గొంతు వినే యంత్రం ఉన్న గూటిలో నిలబడ్డాను. యంత్రం నా పేరు అడిగింది, చెప్పాను. తండ్రి పేరు అడిగింది, చెప్పాను. భర్త పేరు అడిగింది. నోరు మూసుకున్నాను.

మా ఊళ్ళో ఆడది మొగుడి పేరు నోటితో అనదు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుంది. మా అమ్మ అనలేదు. మా అత్త అనలేదు. పెళ్ళయిన నలభై తొమ్మిదేళ్ళలో నేనూ అనలేదు. యంత్రం మూడుసార్లు అడిగి, తలుపు తెరిచి, బయటకు పొమ్మంది.

ఇంటి తలుపుకైనా, పడవకైనా, బియ్యం డిపోకైనా మన పేరు మనం చెబితే చాలు, సర్కారు గొంతు పద్దులో ఉన్న మన గొంతును గుర్తుపట్టి తెరుచుకుంటాయి. దేశం దాటేవాళ్ళకు మాత్రం మూడు జవాబులూ కావాలట. మా ఊరి నుంచి ఇంతవరకు ఎవరూ దేశం దాటలేదు. అందుకని ఆ సంగతి ఎవరికీ తెలియదు.

గొంతు మీద తగువు వస్తే తొమ్మిది పలుకులు చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. రోజుకు ఒక్కటికి మించకూడదు. వినికిడి అధికారి తొమ్మిదీ వినాలి, మధ్యలో ఆపకూడదు. పలుకులు పట్టుకోవడానికి నాకిచ్చిన ఈ చేతి పెట్టె నా మాటలను పుస్తకం భాషలోకి దిద్దుతుందట. దిద్దుకోనీ. పక్కవాళ్ళ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచాలి.

నా కేసు ఇది: ఆ మూడో ప్రశ్న నన్ను అడగకూడదు.

రెండో పలుకు

ఈ రోజు సంచి సర్దాను. కాదంటారని తెలిసినవాళ్ళే ముందు సర్దుకోవాలి, అప్పుడు కాదనడం వాళ్ళకే కష్టమవుతుంది. రెండు ఉన్ని మేజోళ్ళు, ఒక రొయ్యల పొడి సీసా, మోకాళ్ళకు రాసుకునే నూనె, బురదలో దిగడానికి పాత చీర ఒకటి.

మేజోళ్ళు తొడుక్కుని చూపిస్తే మా ఆయన గుమ్మంలో కూర్చుని నవ్వాడు.

"ఇదేందే, మేకపిల్లలు రెండు నీ కాళ్ళు పట్టుకున్నట్టుంది."

"అక్కడ ఎండాకాలమంటే మన మాఘమాసమంట మావా."

"అయితే ఎండాకాలం అంటారెందుకు? అబద్ధం గదా."

ఆయనకు డెబ్భై నాలుగు. వలలు మానేసి పదేళ్ళయింది. నేను వెళ్ళాక నా మడ మొక్కలకు నీళ్ళు ఎప్పుడు వదలాలో నేర్చుకుంటున్నాడు. నేను చెప్పింది సాయంత్రానికల్లా తలకిందులు చేసి నాకే చెబుతాడు.

"నా పేరు చెప్పటానికి నీకంత నెప్పేంది?" అన్నాడు.

"నీ ఆయుష్షు."

"డిపో వాడు రోజూ ఊరంతా వినబడేట్టు నా పేరు పెట్టి అరుస్తాడు. వాడంటే తరగని ఆయుష్షు నువ్వంటే తరుగుద్దా?"

"వాడు నీ పెళ్ళామా?"

 ఆయన లేచి వచ్చి, పెట్టె మీదకు వంగాడు. "అయ్యా, నా పేరు ఏడుకొండలు. నా పెళ్ళాం నా పేరు చెప్పినా నాకేం అభ్యంతరం లేదు. ఆ తర్వాత నేను చస్తే అది నా ఇష్టం."

కేసులో ఇది కూడా చేరిందట. తీసేయడానికి లేదట.

మూడో పలుకు

ఎందుకంత పట్టు అని అధికారి అడగవచ్చు. చెబుతాను.

మా ఊరి చుట్టూ కట్ట ఉంది. సముద్రం బయటే ఆగింది, నిజమే. కానీ లోపల ఊరిన ఉప్పునీటికి బయటకు పోయే దారి లేదు. దిగువ పొలం అరవై ఎకరాలు గంజిలా నిలిచిపోయింది. అక్కడ మడ మొక్కలు నాటితే మూడుసార్లు చచ్చాయి. మడ చెట్టు వేళ్ళు గాలి పీల్చుకుంటాయి. నీళ్ళు రావాలి, పోవాలి. నిలిచిన నీళ్ళు దాన్ని చంపుతాయి. అది నాటేవాళ్ళకు కాలి మడమతో తెలుస్తుంది.

కట్టను ఒకచోట తెంపి పోటునీరు రానిద్దామని ఊరి సభలో అన్నాను. ముందు నిన్ను తెంపుతాం అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. కట్ట లేని రోజులు చూసినవాళ్ళు.

తర్వాత పాఠంలో విన్నాను. ఆ దేశంలో కొన్నిచోట్ల తాము పోసుకున్న కట్టలను తామే వెనక్కి జరిపి నీటికి చోటిచ్చారట. విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఎక్కడ తెంపాలో, ఎంత తెంపాలో తెలిసిన మనుషులున్నారు. తెంపిన మర్నాడు ఆ కట్ట పక్కనే పిల్లలతో కాపురం చేసిన మనుషులున్నారు. వాళ్ళను చూసి, అడిగి, వచ్చి చెబితే మా ఊరు వింటుంది. పుస్తకంలో ఉందంటే వినరు. నాంచారమ్మ కళ్ళతో చూసిందంటే వింటారు.

ఈ రోజు మా కళాశాల ఇమ్మానుయేల్ మాస్టారు నా మడ మొక్కల నారుమడి దగ్గరకు వచ్చారు. మూడో ప్రశ్న ఎవరికీ తీసేయరని అధికారుల నుంచి కబురు వచ్చిందట.

"చెప్పేస్తే పోద్ది గదమ్మా," అన్నారు.

"మీ అమ్మగారు చెప్పేదా మాస్టారూ?"

ఆయన కాలికంటిన బురద కడుక్కున్నారు. "లేదమ్మా," అన్నారు.

ఆయన వెళ్ళాక మొక్కల మధ్య మోకాలి లోతు బురదలో నిలబడి ఆ పేరు అనడానికి ప్రయత్నించాను. సగం వచ్చింది. మిగతా సగం రాలేదు.

నాలుగో పలుకు

అన్నాను.

మా ఆయనను వెంట తీసుకుపోయాను. గూటిలో ఇద్దరికి చోటు లేదు, ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ముందే ఆయనకు దిష్టి తీశాను, ఉప్పు మా ఊళ్ళో కొదవ కాదు. యంత్రం పేరు అడిగింది, తండ్రి పేరు అడిగింది, భర్త పేరు అడిగింది. కళ్ళు మూసుకుని పూర్తిగా అన్నాను.

తెరిచి చూస్తే ఆయన తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు కూడా అంత సిగ్గు చూడలేదు నేను.

అప్పుడు యంత్రం అంది: "మూడో జవాబు పద్దులో ఉన్న గొంతుతో సరిపోలేదు. ఈ పద్దు రద్దుకు లోబడి నిలిపివేయబడింది."

మళ్ళీ చెప్పాను. గట్టిగా చెప్పాను. మళ్ళీ అదే మాట. నలభై తొమ్మిదేళ్ళు దాచుకున్నది తీసి దాని ముందు పెడితే, ఇది నీది కాదంది.

ఇంటికి వచ్చి తలుపు ముందు నా పేరు చెప్పాను. తలుపు తెరుచుకోలేదు. ఈ తలుపు చెక్క నేను తెచ్చింది, బందులు నేను కొట్టించినవి. మా ఆయన వెనక నుంచి వచ్చి తన పేరు చెబితే తెరుచుకుంది. నేను ఆయన వెనకాల, చుట్టాల ఇంటికి వచ్చినదానిలా, లోపలికి నడిచాను.

ఐదో పలుకు

రాత్రంతా ఆలోచించాను. గుర్తుకొచ్చింది. నిజానికి మరిచిపోయిందీ లేదు, అది తప్పని ఎప్పుడూ తోచలేదు.

ముప్ఫై ఒక్క సంవత్సరాల కిందట, పెద్ద వరద తర్వాత, శిబిరంలో మా అందరి గొంతులూ పద్దుకెక్కించారు. ఆడవాళ్ళ వరస వేరు. తడి బట్టలు, చంకల్లో పిల్లలు. అక్కడా ఇవే మూడు ప్రశ్నలు. మూడోదానికి ప్రతి ఆడదీ నిలబడిపోయింది. పద్దు పడితేనే బియ్యం. అప్పుడు పక్కనున్న ఒకామె నా తరఫున ఆ పేరు చెప్పింది. యంత్రం సరేనంది. బియ్యం ఇచ్చారు.

జవాబు ఒకటే కదా, ఎవరి నోట వస్తే ఏం అనుకున్నాం. పెళ్ళిళ్ళలో కూడా అంతే చేస్తాం. పురోహితుడు అడిగితే పెళ్ళికూతురు పక్కవాళ్ళను గిల్లుతుంది, వాళ్ళు చెబుతారు. అబద్ధం చెప్పినట్టా అది?

ఈ రోజు వినికిడి అధికారి గుమాస్తా చట్టం వినిపించాడు. ఇతరుల పద్దులో గొంతు వేసినవారికి, ఒక్కో పద్దుకు అరవై రోజుల గొంతు మూత. ఆ అరవై రోజులూ వాళ్ళ మాట ఏ తలుపూ, ఏ పడవా, ఏ డిపో వినదు. ఆ మనిషి వచ్చి తన గొంతుతో ఒప్పుకుంటే నా పద్దు సరిచేస్తారట. పేరు చెప్పమన్నాడు.

మొగుడి పేరు కోసం ఇంత గొడవ చేసినదాన్ని, ఆమె పేరు చెబుతానా? చెప్పను. నా ఒక్కదానికే చెప్పిందా, ఇంకెవరికైనా చెప్పిందా అని కూడా అడగవద్దు. ఆ రోజు వాన. నాకు ఏమీ కనబడలేదు.

ఆరో పలుకు

నేను మొదలుపెట్టకముందే ఈ పెట్టె ముందు ఇంకొకరు కూర్చున్నారు. మా ఆయన చెల్లెలు తిరపతమ్మ. నా ఆడపడుచు. లాకు దగ్గర కాపలా దానిది. కాలువ నుంచి సముద్రంలోకి పోయే పడవలకు ఆ లాకు తలుపులు దాని గొంతుతోనే తెరుచుకుంటాయి, ఇరవై ఏళ్ళుగా. మా ఆయన నోట్లో మాట దాగదు. చెల్లెలికి అంతా చెప్పేశాడు.

"నా పేరు తిరపతమ్మ. ఆ మూడో జవాబు నాది. రాసుకో పెట్టె," అంది.

"లే తిరపతీ. ఇది నా కేసు."

"నీ కేసులో నా గొంతుంది గదా వదినా. సగం కేసు నాదే. జరుగు."

"అరవై రోజులు నీ నోరు పనిచేయదు పిల్లా. లాకు ఎవడు తీస్తాడు?"

"నా నోరు అరవై రోజులు మూస్తే ఊరంతా పాయసం వండుకుంటారు. నువ్వు దేశాలు తిరిగి రా పో. నువ్వు లేకపోతే నా అన్న చచ్చినట్టు అన్నం వండుకోవటం నేర్చుకుంటాడు."

"నాకు నీ దయ అక్కర్లేదు."

"దయేందే? ఆ రోజు నువ్వు గుడ్లప్పగించి నిలబడితే నేను చెప్పా. అందరికీ చెప్పా. నేను ఈ ఊరి ఆడబిడ్డని, ఊరి మగాళ్ళంతా నాకు అన్నలో బాబాయిలో, నాకు పేర్లకు అడ్డమేంది? ఆ వరసలో నలభై మందికి నేనే..."

పెట్టె మీద అరచెయ్యి వేశాను. అప్పటికే ఆలస్యమైంది.

తిరపతమ్మ నా ముఖం చూసింది. తను ఏమన్నదో తనకూ తెలిసింది. అన్ని పద్దులు. ఒక్కోదానికి అరవై రోజులు. వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

"తుడిచేయటానికి ఉండదా వదినా?" అంది.

ఉండదు.

ఆరు తర్వాతి పలుకు

ఆ అంకె నేను అనను. మా ఆయన పేరులో ఉంది. ఒకసారి అన్నాను కదా అని అలవాటు చేసుకోను.

గుమాస్తా దగ్గరకు పోయి కేసు వెనక్కి తీసుకుంటానన్నాను. నేను ఏ దేశమూ పోను, నా తలుపు నా మాట వినకపోయినా ఫరవాలేదు, ఆరో పలుకు పారేయండి అన్నాను. పలుకులు మొదలయ్యాక ఆపే అధికారం చెప్పినవాళ్ళకు లేదు, విన్నవాళ్ళకూ లేదు అన్నాడు. ఆ నియమం మంచిదని మొదటి రోజు నేనే అనుకున్నాను.

అక్కడి నుంచి కళాశాలకు పోయి మాస్టారికి నా ఉన్ని మేజోళ్ళు ఇచ్చి, నా బదులు వెళ్ళే, జాబితాలో పన్నెండో పేరున్న పిల్లకు ఇమ్మన్నాను. ఆయన పుచ్చుకోలేదు.

"పిల్లకు నీ మేజోళ్ళు పట్టవమ్మా. పాదాలు చిన్నవి," అన్నారు.

నారుమడి దగ్గరకు ఈ రోజు ఊరి ఆడవాళ్ళు ఎవరూ పనికి రాలేదు. అందరికీ తెలిసిపోయింది. తమ పద్దులు కూడా తిరగతోడతారని భయం. ఒక్కతే వచ్చింది, తిరపతమ్మ. పొద్దంతా నా పక్కన మొక్కలు సంచుల్లోకి మార్చింది. ఎన్నడూ నోరు మూయనిది, ఒక్క మాట మాట్లాడలేదు. ముందే సాధన చేస్తోంది కాబోలు అనుకున్నాను. ఆ అనుకోవడం నాకే నచ్చలేదు.

అధికారిగారూ, మీరు ఇది వింటున్నారు కదా. శిక్ష వేయాలంటే నాకు వేయండి. నా నోట రాకపోబట్టే దాని నోట వచ్చింది.

ఎనిమిదో పలుకు

ఈ రోజు విచారణ.

వినికిడి అధికారి పేరు కుసుమప్రియ. ముప్ఫై అయిదు దాటి ఉండవు. సన్నటి మనిషి, చెవులు మాత్రం పెద్దవి. ముందు మర్యాదగా కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"నాంచారమ్మగారూ, మీ పలుకులన్నీ విన్నాను. మొన్నటిది రెండుసార్లు విన్నాను."

"అయితే తెలిసే ఉంటది, నేను వెళ్ళనంటున్నానని."

"మీరు వెళ్ళేదీ మానేదీ నేను నిర్ణయించను. పద్దు ఎవరిదో మాత్రమే నిర్ణయిస్తాను." తిరపతమ్మ వైపు తిరిగింది. "ఈ పద్దులో మూడో జవాబు మీదేనా?"

"నాదేనమ్మా."

"ఎందుకు చెప్పారు?"

"ఆకలేస్తంది గదా. మా వదిన చంకలో పిల్లోడు ఆ పూట పాలు కూడా తాగలా. ఈమె చూస్తే నోరు తెరవదు. మొగుడు చస్తాడంట. పిల్లోడు చస్తే?"

ఆ మాట నాకు ఇంతవరకు చెప్పలేదు తిరపతమ్మ. ముప్ఫై ఒక్క సంవత్సరాలు నన్ను మొండిదని ఎగతాళి చేసింది కానీ, ఈ మాట అనలేదు.

అధికారి పక్కనున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆరో పలుకు చివర సాక్షి ఒక సంఖ్య చెప్పింది. అన్ని పద్దుల్లోనూ ఈమె గొంతు వెతకమని యంత్రానికి ఆదేశం ఇవ్వాలేమో."

నేను ఒక అడుగు ముందుకు వేశాను. తిరపతమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది నన్ను ఆపడానికో తను నిలబడడానికో తెలియలేదు.

కుసుమప్రియ గుమాస్తా వైపు తిరిగింది. "ఆరో పలుకు చివర ఏదో చెయ్యి పడినట్టుంది," అంది. "రెండుసార్లు విన్నాను. నాకు స్పష్టంగా వినబడలేదు."

"నాకు వినబడిందమ్మా."

"వినికిడి అధికారి మీరా, నేనా?"

 ఆమె ఇంకో మాట కూడా అంది, ఎవరితోనూ కాకుండా కిటికీతో అన్నట్టు. తమ పద్దు తామే వచ్చి మార్పించుకునే ఆడవాళ్ళను పాత గొంతు ఎవరిదని అడిగే నియమం ఏదీ లేదట.

తర్వాత తీర్పు చెప్పింది. నా పద్దు నాదే. మూడో జవాబు నా గొంతుతో మళ్ళీ ఎక్కించాలి. ఒక్క పద్దులో గొంతు వేసినందుకు తిరపతమ్మకు అరవై రోజుల గొంతు మూత, నేటి నుంచి.

"సగం నాకెయ్యండి," అన్నాను. "నేను తిరిగొచ్చినాక ముప్ఫై రోజులు మూసుకుంటా."

"శిక్షకు వాటాలుండవు నాంచారమ్మగారూ."

"నోర్ముయ్యి వదినా," అంది తిరపతమ్మ. "నలభై పోయి ఒకటి మిగిలింది. బేరం చెడగొట్టమాక."

అంత పెద్దగా అంది. గుమాస్తా వినలేదు. ఈసారి నిజంగానే వినలేదో, నేర్చుకున్నాడో.

యంత్రం ముందు నిలబడి మా ఆయన పేరు చెప్పాను. సరిపోలింది అంది. ఆయన గుమ్మం దగ్గర నుంచి, "ఇంకోసారి అనమనండి, అది సరిగ్గా విన్నట్టు లేదు," అన్నాడు. అధికారి నవ్వు దాచుకుని, "అవసరం లేదు," అంది. ఆయనకు అవసరమే. నేను అనలేదు.

తొమ్మిదో పలుకు

పడవలో కూర్చుని చెబుతున్నాను. ఈ పడవ మమ్మల్ని ఓడ దాకా చేరుస్తుంది. చుట్టూ పదిమంది పిల్లలు. వాళ్ళ సంచులన్నీ కలిపినా నా సంచి అంత బరువు లేవు.

తీర్పు అయిన మర్నాటి నుంచి మా ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే గూటి దగ్గర వరసకట్టారు. ఒకామె పేరు చెప్పి ఇంటికి పరుగెత్తుకుపోయి మొగుడు బతికే ఉన్నాడా అని చూసుకుందట. ఉన్నాడు. నిద్రపోతున్నాడు.

లాకు దగ్గర పడవ ఆగింది. ఈ అరవై రోజులూ ఆ కాపలా మా ఆయనకు అప్పగించారు. గట్టు మీద నిలబడి తలుపులను తెరుచుకోమన్నాడు. అవి కదలలేదు. పక్కనే తిరపతమ్మ చీర నడుముకు దోపి అరుస్తోంది.

"కడుపులోంచి అనన్నా! దాన్ని బతిమాలినట్టు అంటావేంది? నీ పెళ్ళామా అది?"

నాలుగోసారికి తలుపులు తెరుచుకున్నాయి. నీళ్ళు కలిశాయి. పడవ లేచి ముందుకు కదిలింది. ఎదురుగా సముద్రం తెల్లగా ఉంది. నా గుండె పంతొమ్మిదేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంటోంది, చెప్పుకోవడానికి సిగ్గులేదు.

తిరపతమ్మ గట్టు వెంట పడవతో పాటు పరుగెత్తింది. అరవై ఒక్కేళ్ళ మనిషి.

"వదినా! ఊరికే చూసి రామాక! ఎట్టా తెంపారో అడుగు! తెంపిన చోట చెయ్యి పెట్టి చూడు! అర్థం కాకపోతే మళ్ళీ అడుగు, సిగ్గుపడమాక!"

"అడుగుతానే!" అని అరిచాను.

గట్టు అయిపోయింది. అది ఆగిపోయి ఇంకా అరుస్తూనే ఉంది. ఈ రెండు నెలలూ ఆ గొంతును దాని ఇంటి తలుపు కూడా పట్టించుకోదు. పడవ మలుపు తిరిగేదాకా, ఇంజను చప్పుడులో కూడా, నేను ప్రతి మాటా విన్నాను.